పైచూపు, కిందిచూపు: ఉపగ్రహ లైడార్ సాక్ష్యానికి రాయలసీమ నేలకొలతల పరీక్ష

వ్యాససంగ్రహం

2006 నుంచి 2023 వరకు భూమి చుట్టూ తిరిగిన కాలిప్సో ఉపగ్రహం మేఘాల, ఏరోసాల్ కణాల నిలువుకోతను లేజరు కాంతితో నమోదు చేసింది. ఆ నమోదు ఎంతవరకు నమ్మదగినదో తేల్చడానికి ప్రపంచంలోని పలుచోట్ల నేలమీది పరికరాల కొలతలతో దానిని సరిచూశారు. ఆ పనిలో తిరుపతి సమీపాన ఉన్న గాదంకి లైడార్‌కు ప్రత్యేక స్థానం ఉంది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు ఏరోసాల్ కొలతలు మరొక రకమైన పరీక్షకు ఆధారమవుతున్నాయి. ఈ రెండు కేంద్రాల చరిత్రను, పోలికలోని చిక్కులను, తేలిన ఫలితాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరాలు లేని యాడికి వంటి కరవుసీమ ప్రాంతాలకు ఆ ఫలితాలను ఎంతవరకు వర్తింపజేయవచ్చో చర్చిస్తుంది.

కీలకపదాలు: లైడార్, కాలిప్సో, గాదంకి, అనంతపురం, యాడికి, సిర్రస్ మేఘాలు, ఏరోసాల్, సాక్ష్యపరీక్ష.

1. ఉపోద్ఘాతం

చరిత్ర పరిశోధనలో ఒకే ఆధారం మీద నిలిచిన నిర్ణయాన్ని పండితులు అనుమానంగానే చూస్తారు. శాసనం చెప్పినదాన్ని కైఫీయతుతోను, కైఫీయతు చెప్పినదాన్ని నాణెంతోను సరిచూస్తారు. రెండు ఆధారాలు ఏకీభవిస్తే నమ్మకం పెరుగుతుంది. విభేదిస్తే, ఏ ఆధారం ఏ పరిస్థితిలో పుట్టిందో విచారించవలసి వస్తుంది. వాతావరణ శాస్త్రంలో ఉపగ్రహ పరిశీలనలకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. ఆకాశం నుంచి వచ్చిన సంఖ్య ఎంత ఖచ్చితంగా కనిపించినా అది కూడా ఒక సాక్ష్యమే. దానికీ దృక్కోణం ఉంది, పరిమితి ఉంది, మౌనం ఉంది.

ఈ విచారణకు అనంతపురం పీఠభూమి తగిన రంగం. నైరుతి ఋతుపవనాలకు పశ్చిమ కనుమల చాటున, ఈశాన్య ఋతుపవనాలకు తూర్పు తీరం నుంచి దూరాన ఉన్న ఈ జిల్లాకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది. మేఘం కనిపించినా వాన పడకపోవడం ఇక్కడి రైతుకు తరతరాల అనుభవం. అందుచేత పైన ఏముంది, ఎంత ఎత్తున ఉంది, అది వానమేఘమా, మంచుపొరా, దుమ్మా అనే ప్రశ్న ఇక్కడ పుస్తకాలకే పరిమితమైనది కాదు. తాడిపత్రికి వాయవ్యంగా, సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్న యాడికి ఈ ప్రశ్నను మరింత పదునుగా ముందుకు తెస్తుంది. యాడికిలో లైడార్ లేదు. దానికి సమీపంలోని ఏరోసాల్ కేంద్రం 50 కిలోమీటర్లకు పైగా దూరాన అనంతపురంలో ఉంది. దీర్ఘకాలం పనిచేసిన మేఘ లైడార్ 200 కిలోమీటర్లకు పైగా దూరాన గాదంకిలో ఉంది. యాడికి మీది గాలిలో ఏ ఎత్తున ఏముందో చెప్పడానికి లేజరుతో చూసిన సాక్షి ఉపగ్రహమొక్కటే. ఆ సాక్షిని నమ్మవచ్చునా అన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న సమస్య.

2. నేలకొలతల పూర్వరంగం

ఈ సీమలో ఆకాశాన్ని నేలనుంచి కొలిచే సంప్రదాయం వానతోనే మొదలైంది. రైతు వానను పదునుతో కొలిచాడు. నేల ఎంత లోతుకు తడిసింది, నాగలి దిగుతుందా, విత్తనం వేయవచ్చునా అన్నదే అతని కొలమానం. వలస పాలనకాలంలో తాలూకా కచేరీలకు వానకొలత పాత్రలు వచ్చాయి. 1876-78 నాటి మహాక్షామం తరువాత, 1882లో బళ్ళారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది. అప్పటినుంచి కరవును అంచనా కట్టడానికి పాలకులకు వర్షపాతపు పట్టికలే ప్రధానాధారమయ్యాయి. అయితే ఆ పాత్ర నేలకు చేరిన నీటిని మాత్రమే చెప్పగలదు. పైన మేఘం ఉండీ కురవని రోజు గురించి అది ఏమీ చెప్పదు.

గాలిలో తేలే కణాలను కొలిచే ప్రయత్నం 20వ శతాబ్దం చివరి భాగంలో రూపుదిద్దుకుంది. 1980లలో సాగిన భారత మధ్యవాతావరణ కార్యక్రమం కింద బహుతరంగ రేడియోమీటర్లు దేశంలో కొన్నిచోట్ల నెలకొన్నాయి. తెలుగునాట విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వాటిలో ఒకటి. ఈ పరికరం సూర్యుని వైపు నేరుగా చూసి, 380 నుంచి 1025 నానోమీటర్ల మధ్య పది తరంగదైర్ఘ్యాల్లో ఎంత వెలుగు నేలకు చేరుతున్నదో కొలుస్తుంది. దారిలో తగ్గిన వెలుగులోంచి గాలి అణువుల వాటాను, ఓజోను, నీటియావిరి వంటి వాయువుల వాటాను తీసివేయగా మిగిలినది ఏరోసాల్ కణాల వాటా. దానినే ఏరోసాల్ కాంతిమందం అంటారు.

తరువాతి కాలంలో ఇస్రో భూగోళ-జీవగోళ కార్యక్రమం ఈ కేంద్రాలను విస్తరించింది. ఆ క్రమంలో అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం కూడా ఈ వలయంలో చేరింది. అక్కడి పరిశోధకులు ఆచార్య కె. రామగోపాల్ తదితరుల ఆధ్వర్యంలో ఈ అర్ధశుష్క ప్రాంతపు ఏరోసాల్ లక్షణాలను దీర్ఘకాలం నమోదు చేశారు. మొత్తం గాలిస్తంభపు కాంతిమందం వేసవిలో హెచ్చుగా ఉంటుందని, నేలమట్టంలో మసికార్బన్ మాత్రం చలికాలంలో ఎక్కువగా ఉంటుందని ఆ కొలతలు చూపాయి. ఈ రెండు ఋతువులు ఒకటి కాకపోవడం గమనించదగిన విషయం. ఎండాకాలంలో వేడికి గాలిపొర పైకి పొంగి కణాలను ఎత్తుకు తీసుకుపోతుంది. చలికాలంలో అవి నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. అంటే కణాలు ఎన్ని ఉన్నాయన్నది తెలిస్తే చాలదు, ఏ ఎత్తున ఉన్నాయో కూడా తెలియాలి. సూర్యుని చూసే పరికరం ఎత్తును చెప్పలేదు. ఎత్తును చెప్పేది లైడార్.

3. గాదంకి: కిందినుంచి చూపు

లైడార్ పనితీరు సరళం. లేజరు నుంచి క్షణకాలపు వెలుగుపల్సును ఆకాశంలోకి పంపుతారు. దారిలో అణువులు, ధూళి, మంచుస్ఫటికాలు ఆ వెలుగును చెదరగొడతాయి. చెదిరిన వెలుగులో కొంత వెనక్కి వస్తుంది. వెనక్కి రావడానికి పట్టిన కాలం ఎత్తును తెలుపుతుంది. 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి తిరిగి రావడానికి సెకనులో పదివేలవ వంతు పడుతుంది. వచ్చిన వెలుగు బలం అక్కడున్న పదార్థం పరిమాణాన్ని, దాని ధ్రువణం ఎంత మారిందన్నది కణాల ఆకారాన్ని సూచిస్తాయి. గుండ్రని నీటిబిందువు ఒక్కసారి చెదరగొట్టిన వెలుగు ధ్రువణం మారదు. కోణాలున్న మంచుస్ఫటికం, గరుకైన ధూళికణం దానిని మారుస్తాయి.

భారతదేశంలో పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో పి.సి.ఎస్. దేవర బృందం 1980లలోనే లైడార్‌తో ఏరోసాల్ పరిశీలన చేపట్టింది. తెలుగునాట ఈ పనికి కేంద్రం గాదంకి. 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.2 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, సముద్రమట్టానికి 375 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామంలో ముందుగా ఎం.ఎస్.టి. రాడార్ నెలకొంది. 1998లో జపాను కమ్యూనికేషన్ల పరిశోధనాలయం సహకారంతో అక్కడ లైడార్ ఏర్పాటైంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగును సెకనుకు 20 పల్సుల చొప్పున పంపే ఆ లైడార్ సుమారు 4 నిమిషాల్లో దాదాపు 5000 పల్సులను కూడగట్టి ఒక్కొక్క నిలువుచిత్రాన్ని తయారుచేసింది. 2005లో ఆ కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా రూపొందింది. కాలిప్సో ఎగిరే నాటికి గాదంకి చేతిలో ఎనిమిదేళ్ళ రాత్రుల లెక్క ఉంది. పరీక్షకుడు పరీక్షార్థికంటే ముందే సిద్ధంగా ఉండడం ఈ కథలో కీలకం.

4. కాలిప్సో: పైనుంచి చూపు

అంతరిక్షం నుంచి లేజరుతో వాతావరణాన్ని చూడవచ్చునని 1994 సెప్టెంబరులో డిస్కవరీ వ్యోమనౌక మీద జరిగిన లైట్ ప్రయోగం నిరూపించింది. అది కొద్దిరోజుల ప్రయోగం మాత్రమే. అమెరికా, ఫ్రాన్సు అంతరిక్ష సంస్థల ఉమ్మడి ప్రయత్నమైన కాలిప్సో 2006 ఏప్రిల్ 28న క్లౌడ్‌శాట్‌తో కలిసి కక్ష్యకు చేరింది. దానిలోని లైడార్ పేరు కేలియోప్. 532, 1064 నానోమీటర్ల రెండు తరంగదైర్ఘ్యాల్లో, సెకనుకు సుమారు 20 పల్సులతో, ఒక మీటరు వ్యాసం గల దూరదర్శినితో అది పనిచేసింది. 705 కిలోమీటర్ల ఎత్తు నుంచి పడిన ఒక్కొక్క పల్సు నేలమీద 100 మీటర్లకు మించని మచ్చను వెలిగించేది. వరుస పల్సుల మధ్య దూరం సుమారు 333 మీటర్లు.

ఈ ఉపగ్రహం 16 రోజుల్లో 233 సార్లు భూమిని చుట్టి మళ్ళీ అదే బాటకు వచ్చేది. భూమధ్యరేఖ వద్ద పక్కపక్క బాటల మధ్య దూరం సుమారు 172 కిలోమీటర్లు, రాయలసీమ అక్షాంశం వద్ద సుమారు 166 కిలోమీటర్లు. కాబట్టి రాత్రి బాటలను మాత్రమే లెక్కిస్తే ఒక ఊరు సమీప బాటకు గరిష్ఠంగా 83 కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. ఆ బాట మీదికి ఉపగ్రహం 16 రోజులకొక రాత్రి మాత్రమే వచ్చేది, అదీ స్థానిక కాలమానం ప్రకారం సుమారు ఒంటిగంటన్నర వేళకు. సీమ మొత్తాన్ని కప్పిన దుప్పటిలా ఉపగ్రహ సమాచారాన్ని ఊహించుకోవడం పొరపాటు. అది దూరదూరంగా వేసిన సన్నని కుట్టువరుస వంటిది.

5. పోల్చడంలోని చిక్కులు

కిందిచూపును పైచూపుతో పోల్చడం రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టినంత సులభం కాదు. ఇందులో ప్రధానంగా నాలుగు చిక్కులు ఉన్నాయి.

మొదటిది స్థలకాలాల చిక్కు. ఉపగ్రహం సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో దాటిపోతుంది. నేల లైడార్ ఒకేచోట నిలిచి తనమీదుగా గాలి మోసుకొచ్చే మేఘాన్ని చూస్తుంది. ఋతుపవన కాలంలో పైగాలి సెకనుకు 30 మీటర్ల వేగంతో వీస్తున్నదనుకుంటే, 4 నిమిషాల్లో 7 కిలోమీటర్లకు పైగా మేఘం లైడార్ మీదుగా సాగిపోతుంది. 80 కిలోమీటర్ల దూరాన ఉపగ్రహం చూసిన మేఘం గాలి దిశ అనుకూలించినా లైడార్ మీదికి చేరడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ లోగా మేఘం మారిపోవచ్చు. ఐరోపాలోని ఎర్లినెట్ లైడార్ వలయం కాలిప్సో పరీక్షకు 100 కిలోమీటర్ల దూరాన్ని హద్దుగా పెట్టుకున్నది ఇందుకే. ఆ హద్దులోపల కూడా ఒక్కొక్క రాత్రి పోలిక కంటె అనేక రాత్రుల సగటుల పోలికే ఎక్కువ నమ్మదగినది.

రెండవది దూరపు చిక్కు. వెనక్కి వచ్చే వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 15 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మంచుపొరకు గాదంకి లైడార్ 15 కిలోమీటర్లలోపు దూరంలో ఉంది. కాలిప్సో 690 కిలోమీటర్ల దూరంలో ఉంది. పరికరాలు సమానమైతే ఒక్క పల్సులో ఉపగ్రహానికి అందే వెలుగు సుమారు 2200వ వంతు మాత్రమే. పెద్ద దూరదర్శిని ఈ లోటును కొంత పూడ్చినా, మిగిలినదాన్ని సగటుతోనే పూడ్చాలి. పలుచని పొరను పట్టుకోవడానికి కాలిప్సో గణనపద్ధతి 80 కిలోమీటర్ల బాటమీది సుమారు 240 పల్సులను కలుపుతుంది. ఆ దూరం యాడికి నుంచి అనంతపురానికి ఉన్న దూరం కంటె ఎక్కువ.

మూడవది అడ్డంకి చిక్కు. దట్టమైన మేఘాన్ని లేజరు దాటలేదు. కిందినుంచి చూసే లైడార్‌కు నల్లమబ్బు పైనున్న సిర్రస్ కనబడదు. పైనుంచి చూసే లైడార్‌కు దట్టమైన మేఘం కిందనున్న దుమ్ము కనబడదు. వానకాలంలో గాదంకి లైడార్ నడవని రాత్రులు ఎక్కువ. కనుక ఋతుపవనపు నెలల లెక్కలో నేలకొలత కూడా తెరపిరాత్రుల వైపు మొగ్గుతుంది. ఏ ఒక్క చూపును సంపూర్ణ ప్రమాణంగా పట్టుకోలేము.

నాలుగవది అనువాదపు చిక్కు. లైడార్ నేరుగా కొలిచేది వెనక్కి వచ్చిన వెలుగును. పరిశోధకునికి కావలసినది మొత్తం తగ్గిన వెలుగును. ఒకదానినుంచి మరొకదానికి పోవడానికి లైడార్ నిష్పత్తి అనే గుణకం కావాలి. కాలిప్సో ఆ గుణకాన్ని కొలవలేదు. పొర ఏ జాతికి చెందిందో ముందుగా నిర్ణయించి, ఆ జాతికి నిర్దేశించిన విలువను వాడుకుంది. మూడవ ప్రతిలో 532 నానోమీటర్లకు శుద్ధధూళికి 40, కలుషితధూళికి 55, పొగకు 70 అనే విలువలు ఉన్నాయి. ఒక పలుచని పొర నుంచి వచ్చిన మొత్తం ప్రతిచెదరిక 0.005 అనుకుంటే, దానిని శుద్ధధూళి అన్నప్పుడు కాంతిమందం 0.20, కలుషితధూళి అన్నప్పుడు 0.275, పొగ అన్నప్పుడు 0.35 అవుతుంది. వెలుగు మారలేదు. పేరు మారింది, పేరుతోపాటు ఫలితం మారింది.

6. పదహారేళ్ళ సిర్రస్ లెక్క

ఈ చిక్కులన్నిటి నడుమ గాదంకి చేసిన పరీక్షలో ముఖ్యమైనది 2015లో ప్రచురితమైన అధ్యయనం. అమిత్ కుమార్ పండిట్, హరీష్ గాధవి, ఎం. వెంకటరత్నం, కె. రఘునాథ్, ఎస్. విజయభాస్కరరావు, ఎ. జయరామన్ కలిసి 1998 నుంచి 2013 వరకు పదహారేళ్ళ నేల లైడార్ సిర్రస్ లెక్కను, 2006 జూన్ నుంచి 2013 డిసెంబరు వరకు ఏడున్నరేళ్ళ కాలిప్సో లెక్కతో పోల్చారు.

రెండు చూపుల దిశలు పరస్పర విరుద్ధమైనా, పరిశీలనల సంఖ్యలో ఎంతో తేడా ఉన్నా, దీర్ఘకాలిక స్వరూపంలో రెండు లెక్కలు చక్కగా ఏకీభవించాయి. సిర్రస్ మేఘాల్లో 50 నుంచి 55 శాతం వరకు 2 కిలోమీటర్ల కంటె తక్కువ మందం గలవని తేలింది. ఇది ఉపగ్రహానికి దక్కిన యోగ్యతాపత్రం. అయితే ఒక అంశంలో మాత్రం రెండూ విడిపోయాయి. కంటికి కనిపించని అతిపలుచని సిర్రస్ పొరలను నేల లైడార్ ఉపగ్రహం కంటె ఎక్కువగా పట్టుకుంది.

కాంతిమందం 0.03 కంటె తక్కువైన సిర్రస్‌ను అదృశ్య సిర్రస్‌గా లెక్కిస్తారు. కింద నిలబడి చూసేవారికి ఆ రాత్రి నిర్మలాకాశమే. నేలనుంచి పైకి పోయే వేడిని ఆ పొర కొంత పట్టి ఉంచుతుంది. సూర్యకాంతిని మాత్రం పెద్దగా అడ్డుకోదు. అందువల్ల అది వాతావరణాన్ని వెచ్చబరిచే వైపే నిలుస్తుంది. ఉపగ్రహం లెక్కను యథాతథంగా స్వీకరిస్తే ఈ వెచ్చదనంలో కొంత భాగం ఖాతాకెక్కదు.

నేల లైడార్ మరొక మార్పును కూడా నమోదు చేసింది. అదృశ్య సిర్రస్ పొరల మధ్యఎత్తు ఏడాదికి 41 మీటర్ల చొప్పున, 21 మీటర్ల అటూఇటూ హద్దుతో, పెరుగుతూ వచ్చింది. పదహారేళ్ళకు అది సుమారు 650 మీటర్లు. అదే కాలంలో మొత్తం సిర్రస్‌లో అదృశ్య సిర్రస్ వాటా 9 శాతం పెరిగింది. పలుచని సిర్రస్ వాటా 7 శాతం తగ్గింది. ఏడాదికి 41 మీటర్ల మార్పును గుర్తించాలంటే ఏడున్నరేళ్ళు చాలవు. 1998 నుంచి పట్టుదలతో సాగిన లెక్క ఉన్నందువల్లనే ఆ మార్పు బయటపడింది. కాలిప్సో రాకముందరి ఎనిమిదేళ్ళు ఈ నిర్ణయానికి పునాది.

7. అనంతపురం: మొత్తంతో విడిలెక్కల పరీక్ష

సిర్రస్ విషయంలో లైడార్‌ను లైడార్‌తో పోల్చగలిగారు. ఏరోసాల్ విషయంలో అనంతపురం అందించే పరీక్ష వేరు. సూర్యుని చూసే రేడియోమీటర్ పొరల జాతిని ఊహించదు. లైడార్ నిష్పత్తి దానికి అవసరం లేదు. అది గాలిస్తంభపు మొత్తాన్ని నేరుగా చెబుతుంది. కాలిప్సో ఒక్కొక్క ఎత్తులోని విడిలెక్కలను చెబుతుంది. విడిలెక్కల కూడిక మొత్తానికి సరిపోవాలి. సరిపోకపోతే పొరకు పెట్టిన పేరు తప్పై ఉండాలి, లేదా కొన్ని పొరలు లెక్కలోకి రాకుండా పోయి ఉండాలి.

ఈ పరీక్షకూ పరిమితి ఉంది. రేడియోమీటర్‌కు పగలు, మబ్బులేని ఆకాశం కావాలి. కాలిప్సోకు అత్యుత్తమ ఫలితం రాత్రి. పగలు సూర్యకాంతి దాని సంకేతాన్ని మసకబరుస్తుంది. మధ్యాహ్నపు బాటమీది బలహీన సంకేతాన్ని తీసుకోవాలా, రాత్రి మంచి సంకేతాన్ని పగటి కొలతతో పోల్చాలా అన్నది పరిశోధకుని ఎంపిక. ఏది ఎంచుకున్నా వ్యాసంలో స్పష్టంగా చెప్పాలి.

పొరలు లెక్కలోకి రాకుండా పోవడం మరింత ముఖ్యమైన అంశం. కాలిప్సో గణనపద్ధతి ముందుగా పొరను గుర్తిస్తుంది. గుర్తించిన పొరకే విలువ కడుతుంది. గుర్తింపు గీతకు దిగువన ఉన్న పలుచని ఏరోసాల్‌కు విలువ కట్టదు. సగటు తీసేవారు ఆ ఖాళీని సున్నగా తీసుకుంటే మొత్తం తగ్గిపోతుంది. ‘కనబడలేదు’ అన్న మాట ‘లేదు’ అన్న మాటగా మారే చోటు ఇదే. ఒక రాజు పేరు శాసనాల్లో లేనంతమాత్రాన ఆ రాజు లేడని చరిత్రకారులు తీర్మానించరు. ఉపగ్రహ సమాచారానికి కూడా అంతటి జాగ్రత్త అవసరం.

తూర్పు తీరం ఇదే విషయాన్ని మరొక వైపునుంచి చెబుతుంది. విశాఖపట్నంలో కె. నిరంజన్ బృందం మైక్రోపల్స్ లైడార్‌తో నేలకు దూరంగా పైన తేలే ఏరోసాల్ పొరలను గుర్తించి 2007లో ప్రకటించింది. నేలమీది గాలిని వడపోసే పరికరానికి ఆ పొరలు అందవు. సూర్యుని చూసే పరికరానికి అందినా, వాటి ఎత్తు తెలియదు. ఉపగ్రహం అందించే నిలువుకోత విలువ ఇటువంటి సందర్భంలో స్పష్టమవుతుంది. కనుక ఈ పరీక్ష ఉపగ్రహాన్ని తోసిపుచ్చడానికి ఉద్దేశించినది కాదు. దాని మాట ఎక్కడ చెల్లుతుందో నిర్ణయించడానికి ఉద్దేశించినది.

8. యాడికి మీది ఆకాశం

ఈ ఫలితాలను పరికరాలు లేని యాడికికి వర్తింపజేసినప్పుడు మూడు స్థాయిలు కనిపిస్తాయి.

పైస్థాయి సిర్రస్‌ది. ఈ మేఘాలు వందల కిలోమీటర్ల మేర విస్తరించగలవు. కాబట్టి గాదంకిలో సరిపోయిన దీర్ఘకాలిక సగటును యాడికి మీది బాటలకు వర్తింపజేయడంలో పెద్ద సాహసం లేదు. అదృశ్య సిర్రస్‌ను ఉపగ్రహం తక్కువగా లెక్కిస్తుందన్న సవరణను మాత్రం వెంట తీసుకుపోవాలి.

మధ్యస్థాయి వేసవిలో పైకెత్తబడిన ధూళి, పొగ పొరలది. ఇక్కడ ఎత్తు విషయంలో ఉపగ్రహం మాట బలమైనది, కాంతిమందం విషయంలో బలహీనమైనది. ఎత్తు కాలాన్నిబట్టి వస్తుంది, మందం పొరకు పెట్టిన పేరునుబట్టి వస్తుంది. అనంతపురం రేడియోమీటర్ మొత్తంతో సరిచూసిన తరువాతే మందాన్ని వాడుకోవాలి.

కిందిస్థాయి నేలను అంటుకున్న గాలిది. తాడిపత్రి, యాడికి ప్రాంతం సున్నపురాతి సీమ. బండల గనులు, పాలిషింగు యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు ఇక్కడి జీవనంలో భాగం. మనుషులు పీల్చేది ఈ పొరలోని గాలినే. ఉపగ్రహానికి అత్యంత కష్టమైనదీ ఈ పొరే. పై పొరలను దాటివచ్చేసరికి లేజరు బలహీనపడుతుంది. నేలనుంచి వచ్చే బలమైన ప్రతిఫలనం చివరి కొద్ది పదుల మీటర్ల సంకేతాన్ని కలుషితం చేస్తుంది. బాట ఊరికి పదుల కిలోమీటర్ల దూరాన పోవచ్చు. 80 కిలోమీటర్ల సగటులో ఒక గని దుమ్ము కరిగిపోతుంది. కాబట్టి ఉపగ్రహ పటంలో యాడికి ప్రాంతం నిర్మలంగా కనిపించినా, అక్కడి కార్మికుడు పీల్చే గాలి నిర్మలమని చెప్పడానికి వీలులేదు. కలుషితంగా కనిపించినా, ఫలానా గని కారణమని చెప్పడానికీ వీలులేదు. ఆ ప్రశ్నకు జవాబు నేలమీద పెట్టిన పరికరమే ఇవ్వాలి.

వాన విషయంలోనూ ఇటువంటి వివేకమే కావాలి. 2000 దశకంలో రాష్ట్ర ప్రభుత్వం అనంతపురం తదితర కరవు జిల్లాలపై మేఘమథనం చేపట్టినప్పుడు, ఏ మేఘం మథనానికి తగినదన్న ప్రశ్న ప్రజల నోళ్ళలో నానింది. మథనానికి కావలసినది ఎదుగుతున్న, నీరున్న మేఘం. దాని లోపలి నీటిని రాడార్ చూడగలదు. లైడార్ దాని అంచుదగ్గరే ఆగిపోతుంది. ఆకాశంలో ఎంత శాతం మేఘం ఉందన్న లైడార్ లెక్క ఎంత వాన రావలసిందన్న లెక్క కాదు.

9. ప్రతుల సమస్య

ప్రాచీన గ్రంథానికి ప్రతులు, పాఠాంతరాలు ఉన్నట్లే ఉపగ్రహ సమాచారానికి కూడా ప్రతులున్నాయి. కాలిప్సో మూడవ ప్రతిలో ప్రమాణీకరణను 30 నుంచి 34 కిలోమీటర్ల ఎత్తులోని గాలితో చేశారు. ఆ ఎత్తున కూడా కొంత ఏరోసాల్ ఉంటుందని తేలడంతో నాలుగవ ప్రతిలో దానిని 36 నుంచి 39 కిలోమీటర్లకు మార్చారు. లైడార్ నిష్పత్తులు కూడా మారాయి. ధూళికి 40 బదులు 44, శుద్ధ ఖండాంతర్గత ఏరోసాల్‌కు 35 బదులు 53 వచ్చాయి. రెండవ మార్పు వల్ల అదే పలుచని పొర కాంతిమందం ఒకటిన్నర రెట్లు అవుతుంది. 2009 మార్చిలో మొదటి లేజరు స్థానంలో రెండవ లేజరు పని అందుకుంది.

కనుక రెండు పరిశోధనలు వేర్వేరు ఫలితాలు చెప్పినప్పుడు, ఆకాశం మారిందా, ప్రతి మారిందా అని ముందుగా అడగాలి. ఏ ప్రతిని వాడారో చెప్పని సిద్ధాంతగ్రంథం ఏ తాళపత్రాన్ని చూశారో చెప్పని పరిష్కరణ వంటిది. ఈ మార్పులేవీ గాదంకి రాత్రుల లెక్కను, అనంతపురం పగళ్ళ లెక్కను తాకలేదు. నేలకొలతల స్వతంత్రత విలువ ఇక్కడే ఉంది. నేల పరికరాలకూ తమ దోషాలున్నాయి. అయితే ఆ దోషాలు ఉపగ్రహ దోషాలకు బంధువులు కావు. ఇద్దరు సాక్షులు ఒకరినొకరు చూసి చెప్పనప్పుడే వారి ఏకీభావానికి బలం.

10. ముగింపు

2018 సెప్టెంబరులో కాలిప్సో 688 కిలోమీటర్ల ఎత్తుకు దిగింది. ఇంధనం అయిపోయి, 2023 ఆగస్టు 1న దాని శాస్త్రీయ సేవ ముగిసింది. 2024 మే 28న ఐరోపా, జపాను సంస్థల ఎర్త్‌కేర్ ఉపగ్రహం కక్ష్యకు చేరింది. దాని లైడార్ 355 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో పనిచేస్తుంది. అణువుల నుంచి వచ్చే వెలుగును, కణాల నుంచి వచ్చే వెలుగును వేరుచేస్తుంది కాబట్టి లైడార్ నిష్పత్తిని ఊహించవలసిన అవసరం దానికి లేదు. పాత సాక్షి ఆకుపచ్చ వెలుగులో చెప్పినదాన్ని కొత్త సాక్షి వేరొక వెలుగులో చెబుతుంది. ఇద్దరూ ఒకే రాత్రి ఒకే ఆకాశాన్ని చూడలేదు.

వారిద్దరి మధ్య ఉన్న దాదాపు పదినెలల ఖాళీని కక్ష్యలోని ఈ లైడార్లు ఏవీ పూడ్చలేవు. ఆ ఖాళీకి ముందూ, లోపలా, తరువాతా ఒకేచోట నిలిచి చూసే నేల పరికరమే రెండు లెక్కలను ఒక గొలుసుగా కలపగలదు. కరవుసీమ ఆకాశంలో ఏడాదికి 41 మీటర్ల చొప్పున జరిగే మార్పులను ఇకముందు కూడా గుర్తించాలంటే గాదంకి, అనంతపురం, విశాఖపట్నం వంటి కేంద్రాల కొలతలు తెగకుండా సాగాలి. యాడికి వంటి చోట్ల నేలగాలిని కొలిచే పరికరాలు కొత్తగా రావాలి. ఇటువంటి కొలతలకు ప్రచారం తక్కువ, ఫలితం ఆలస్యం. ఒక ఏడాది ఆపితే ఆ ఏడాది ఆకాశాన్ని మళ్ళీ కొలవడం ఎవరికీ సాధ్యం కాదు.